నేను స్టేజీ ఎక్కకముందు చెప్పిన మాటలు

"వదినా, అన్న వచ్చి అడుగుతడా ఏంది?" అన్నాడు మా మరిది.

"నేనున్న గద. నేనడుగుత," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరుగా నడిచిన మాటలు అవే. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఉప్పుగూడ స్టేషను దగ్గర ఎదురుపడితే ఆయన ఫోను చూసుకుంటాడు, నేను కూరగాయల బండి చూసుకుంటాను.

అన్న అంటే నా భర్త. చనిపోయాడు. ఆయన తాగేవాడు కాదు. నా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. ఈ రెండు ముక్కలు ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే నగరానికి ఆ పక్కనున్న అద్దాల ఆఫీసుల్లో చాలామందికి దీన్ని తిరగేసి చెప్పారు. చెప్పినవాడు ఆయన సొంత తమ్ముడు. చెప్పింది నేను స్టేజీ ఎక్కే ముందు, నాకు రాని ఇంగ్లీషులో. విన్నవాళ్ళ మనసుల్లోంచి ఆ మాట తీసెయ్యాలి. ఈ రాతతో నాకున్న పని అదొక్కటే.

నాకు సంతకం పెట్టడం, బస్సు నంబరు చదవడం వచ్చు. అంతకుమించి రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మరిది కూతురు. అవును, ఆయన కూతురే. డిగ్రీ అయిపోయి ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తుంది. "పెద్దమ్మా, నేను రాస్త," అని తనంతట తానే వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకింకా అంతుపట్టలేదు. నా మాటను పుస్తకాల మాటలోకి మారిస్తే చదివేవాళ్ళకు బాగుంటుందట. సరే అన్నాను. మనుషులు నోటితో అన్నది మాత్రం అన్నట్టే రాయమన్నాను. రాస్తోందో లేదో చూడాలి.

మేము పాలవాళ్ళం. పాలు పోసేదాన్ని ఎవరూ నమ్మరు. వేలు ముంచి చూస్తారు, గోటి మీద బొట్టు వేసి జారుతుందా నిలుస్తుందా అని చూస్తారు, పక్కింటి చెంబులోకి తొంగి చూస్తారు. మంచి పాలు పోసినా అంతే. అట్లా ఏండ్లకేండ్లు ఒకరి అనుమానం కింద బతికితే అదే మనకూ అంటుకుంటుంది. ఎవరైనా నన్ను చూసి మరీ తియ్యగా నవ్వితే, ముందు వాళ్ళ చేతిలో ఏముందో చూస్తాను.

నా గొంతు బొంగురు గొంతు. పుట్టుకతోనే అంత. కార్వాన్‌లో మా పుట్టింట్లో అందరికీ తెలుసు. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కాకిని మింగి ఉంటుందని మా నాయిన ఎగతాళి చేసేవాడు. పెండ్లిచూపుల్లో మా అత్త నా మాట విని, పిల్లకు జలుబు చేసిందా అని అడిగింది. లేదు, ఇట్లనే ఉంటది అన్నాను. ఆమె మొహం మాడింది. పక్కనే కూర్చున్న ఆయన మాత్రం, "మంచిగనే ఉన్నది గద. పాలు అని ఒక్కపారి ఒర్రితే గల్లి మొత్తం లేస్తది," అన్నాడు. సంబంధం ఖాయమైంది అక్కడే.

మా వాళ్ళ పెండ్లిళ్ళలో బంతి మీద కూర్చున్న వియ్యాలవారిని ఆడవాళ్ళు ఎకసక్కెం ఆడతారు. అన్నం తింటున్న మనిషిని పట్టుకుని, వాడి మీసం, వాడి పొట్ట, వాడు అడిగి వేయించుకున్న బూరె, దేన్నీ వదలరు. నాకు అది నేర్పింది మా మేనత్త. నేర్పుతూ ఒక కట్టడి పెట్టింది. "ఎవని విస్తరి నీ కండ్ల ముంగట ఉన్నదో వాన్నే అను. వాడు తిరిగి అనాలె. ఆడ లేనోన్ని అంటే అది ఎకసక్కెం కాదు, చాడీ." ఉప్పుగూడ నుంచి జహనుమా దాకా మా కులంలో ఏ పెండ్లయినా బంతి దగ్గరికి నన్ను పిలిచేవాళ్ళు. మా ఆయనను కూడా అక్కడే కూర్చోబెట్టి అనేదాన్ని. "మా ఇంట్ల కోపమొచ్చేటోళ్ళం ఇద్దరమే, నేను, మా బర్రె. బర్రె తన్నిన రోజు ఈయన వచ్చి నాకు చెప్పుకుంటడు. నేను తిట్టిన రోజు పోయి బర్రెకు చెప్పుకుంటడు." అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆయన అన్నం కలుపుతూనే, "బర్రెనే నయం, మధ్యల మాట్లాడది," అనేవాడు.

ఒక పొద్దున పాలు పితికి లేస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత కూడా పెండ్లిళ్ళకు పిలుపులు వచ్చాయి. బంతి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఎవరూ వద్దని అనరు. "అక్కా, నీకెందుకు నిలవడే తిప్పలు, ఈడ కూసో," అని వంటల దగ్గర కుర్చీ వేస్తారు. కుర్చీ వేసేవాళ్ళను ఏమంటాం? నేను కూర్చునేదాన్ని. నా నోరు కూడా కూర్చుంది.

మా మరిది పని మాట్లాడడం. కంపెనీలవాళ్ళు అప్పుడప్పుడు ఉద్యోగులందరినీ పెద్ద హాల్లో పోగేసి, వాళ్ళకు హుషారు ఎక్కించడానికి బయటి మనిషిని పిలిపించుకుంటారు. కొందరు బతుకు పాఠాలు చెబుతారు, కొందరు నవ్విస్తారు. ఈయన రెండూ చేస్తాననేవాడు. కోటు కుట్టించుకున్నాడు, అద్దం ముందు నిలబడి చేతులు తిప్పడం నేర్చుకున్నాడు. పిలిచినవాళ్ళు మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు. ఒకరోజు మా వాకిట్లో మా అందరి ముందు చేసి చూపించాడు. ఎక్కడ నవ్వాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఈడ నవ్వాలె వదినా," అన్నాడు.

"ముందుగాల చెప్తే నవ్వుతుంటిమి గదయ్యా," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు చూశాడు. సంతలో బర్రె పొదుగు చూసినట్టు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

కొన్నాళ్ళకు నన్ను కూడా తీసుకుపోయాడు. తను మాట్లాడడం అయ్యాక మా వదిన కాసేపు మాట్లాడుతుంది అని చెప్పి నన్ను పైకి ఎక్కించాడు. హాల్లో తెలుగు వచ్చినవాళ్ళే ఎక్కువ, రానివాళ్ళ కోసం మా గల్లీ ఉర్దూ కలిపాను. అందరి మెడల్లో కార్డులు వేలాడుతున్నాయి. "మా బర్రెలకు మెడల గంటలుంటయి, మీకు మెడల కార్డులున్నయి. గంట ఉన్న బర్రె బజార్ల తప్పిపోయినా దొరుకుతది. కార్డు ఉన్నోడు కుర్చీల ఉన్నా దొరకడు," అన్నాను. ముందుగా వెనక వరసలవాళ్ళు నవ్వారు. తర్వాత మొదటి వరసలో ఉన్న పెద్ద మేనేజరు నవ్వాడు. ఆయన నవ్వాడని చూసుకుని మధ్య వరసలవాళ్ళు నవ్వారు. ఇది పెండ్లి బంతే అనుకున్నాను. పెండ్లికొడుకు తండ్రి నవ్వేదాకా ఆయన దగ్గరున్నవాళ్ళెవరూ నవ్వరు.

అట్లా మొదలైంది. నాకు ఆ పని మస్తు నచ్చింది, దాచేదేముంది. ఎక్కడికి పోయినా ముందుగా పోయి వాళ్ళ క్యాంటీన్లో కూర్చునేదాన్ని. ఎవరు ఎవరిని చూసి టిఫిన్ డబ్బా మూస్తున్నారు, ఎవరు ఒంటరిగా తింటున్నారు అని చూస్తే చాలు, మాటలు అవే వచ్చేవి. వాళ్ళ మీటింగులు పెండ్లిచూపుల్లాంటివి అనేదాన్ని. అందరూ టీ తాగుతారు, ఎవరూ అవుననరు, కాదనరు, మళ్ళీ కలుద్దామంటారు. మరిది కోటు విడిచిపెట్టాడు. నేను ముఖ్యమైనదాన్ని అయ్యాను, ఆయన నన్ను పరిచయం చేసేవాడు అయ్యాడు.

ఆ పరిచయం దగ్గరే నాకు తేడా కొట్టింది.

నన్ను తలుపు బయట నిలబెట్టేవాడు. తను లోపల ఇంగ్లీషులో మాట్లాడేవాడు. చాలాసేపు మాట్లాడేవాడు. నవ్వించే మనిషిని పిలిచే ముందు హాల్లో గలగల ఉండాలి కదా, లోపల చీమ చిటుక్కుమనేది కాదు. నేను మంచి చీర కట్టుకుని దిగితే, "గది వద్దు వదినా, పాతది కట్టుకో," అనేవాడు. పాలమ్మిన మనిషిలా కనబడాలట. నేను పాలమ్మినప్పుడు కూడా అట్లాంటి వెలిసిపోయిన చీర కట్టుకుని గడప దాటలేదు. మాట్లాడడం అయిపోగానే నలుగురితో నిలబడనిచ్చేవాడు కాదు, నేరుగా కారులో కూర్చోబెట్టేవాడు. ఆ దారిలోనే ఎవరో ఒక ఆడమనిషి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకునేది. పట్టుకున్న చెయ్యి తొందరగా వదిలేది కాదు.

ఇంకొకటి. బర్రె మాట. మా ఆయన మీద అనే మాటల్లో అదే అన్నిటికన్నా గట్టిది. ఆయన పోయాక అప్పటిదాకా ఆయన మీద నేను కొత్త మాట కట్టలేదు, ఆయన ముందు అన్నవే అన్నాను, ఆయన ఇచ్చిన జవాబు కూడా కలిపే చెప్పాను. అది కంపెనీ హాల్లో పడలేదు. ఒక్కచోట కాదు, ఎక్కడ చెప్పినా పడలేదు. "బర్రె తన్నిన రోజు" అనేసరికి ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె తల దించుకుంది. మాట చెడిందేమో అని మా గల్లీలో నల్లా దగ్గర చెప్పి చూశాను. బిందెలు కింద పెట్టి నవ్వారు. మాటలో లోపం లేదు. లోపం హాల్లోనే ఉంది, నేను పోకముందే అక్కడ ఏదో జరుగుతోంది.

మరిదిని అడిగాను. "లోపల ఏం చెప్తవయ్యా అంతసేపు?"

"పరిచయం వదినా. ఎక్కడిదానివి, ఏం పని చేసినవ్, గంతే."

"ఉప్పుగూడ, పాలు. రెండు మాటలే గద."

"ఇంగ్లీషుల పొడుగైతది."

నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. నమ్మలేదు.

మా వెంట మైకులు చూసుకునే మనిషి ఒకాయన వచ్చేవాడు, జహనుమా ఆయన. ఏది అడిగినా ఒకటికి నాలుగు చెప్పే మనిషి. భాయ్, రోజూ వింటావు కదా, మా మరిది నా గురించి ఏమంటాడు అని అడిగాను. ఆయన వైరు చుట్టుకుంటూ, "మైకు దేఖ్‌నా మేరా కామ్ అమ్మా, బాతాఁ నక్కో పూఛో," అన్నాడు. మైకు చూడడమే తన పని, మాటల సంగతి అడగొద్దని. అంత మాటకారి నోరు కట్టేసుకున్నాడంటే, అక్కడ నాకు మంచి మాట ఏదీ లేదని అర్థమైంది.

ఒక ఆఫీసులో మాట్లాడడం అయిపోయాక మరిదిని ఎవరో పెద్దవాళ్ళు పక్కకు పిలిచారు. నన్ను అన్నాల దగ్గర కూర్చోబెట్టారు. ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మెడలో కార్డు, చక్కటి మొహం.

"అమ్మా, మీరు స్టేజీ మీద అట్ల నవ్వుతుంటే నాకు ఏడుపు ఆగలేదు," అంది. "మా ఇంట్ల గూడ గదే. మా ఆయన తాగొస్తడు, కొడతడు. మీరెట్ల తట్టుకున్నరు?"

"నేనేం తట్టుకున్న బిడ్డా?"

ఆ పిల్ల తన గొంతు మీద వేళ్ళు పెట్టుకుంది. "ఆయన గొంతు పిసికితేనే గద మీ గొంతు గిట్లయింది. సార్ చెప్పిండు."

అప్పటిదాకా నవ్వు పడని చోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి, దించుకున్న తల, వదలని చేతులు. నేను నోరు తెరిస్తే చాలు, నా గొంతే ఆయన మీద సాక్ష్యం పలికింది. పెండ్లిచూపుల్లో ఆ గొంతును బాగుందన్న ఒకే ఒక్క మనిషి మీద.

ముందు ఆ పిల్ల సంగతి చూశాను. మీ ఇంట్లో జరిగేది మీ అమ్మకు చెప్పావా అంటే చెప్పలేదంది. ఇయ్యాలే చెప్పు, దాచకు అన్నాను. తర్వాత, మా ఆయన అట్లాంటివాడు కాదు, సార్ చెప్పింది అబద్ధం అన్నాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, "సరే అమ్మా," అంది. చిన్నపిల్ల అబద్ధం చెబితే పెద్దవాళ్ళు అనే సరే అది.

మర్నాడు మరిది మా ఇంటికి వచ్చాడు. నేను అడిగాను. ఆయన కాదనలేదు, అది ఒప్పుకోవాలి. అరుగు మీద కూర్చుని నాకు నచ్చజెప్పాడు. పాలు, బర్రెలు అంటే వాళ్ళు ఫోన్లు చూసుకుంటారట. ఈ సంగతి చెబితే ఫోన్లు కింద పెడతారట. ఉత్తగా నవ్వినవాళ్ళు గేటు దాటేలోపు మరిచిపోతారు, ఏడ్చి నవ్వినవాళ్ళే మళ్ళీ పిలుస్తారు, ఈ లైన్లో అందరూ ఇట్లాగే పైకి వచ్చారు అన్నాడు.

"అన్న పేరు యాడ తియ్యలె వదినా. భర్త అన్న, గంతే."

"నాకెంతమంది మొగుళ్ళున్నరయ్యా?"

మొదటి రోజు కూడా ఇదే చెప్పావా అని అడిగాను. అప్పుడు చెప్పలేదన్నాడు. అంటే ఆ రోజు మెడ గంటల మాటకు నవ్వినవాళ్ళు ఆ మాటకే నవ్వారన్నమాట. ఆ ఒక్కటి నిజమైతే బాగుండు అనిపించింది. కానీ ఆయన నా మొహం వైపు కాకుండా నా వెనకున్న గోడ వైపు చూస్తూ చెప్పాడు. నిజం చెప్పాడో, నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను చూసి నవ్వారా, నా మాటకు నవ్వారా, పాపం నవ్వుదాంలే అని నవ్వారా? ఈ అనుమానం ఆయన నాకు పెట్టిపోయిన ఆస్తి.

చివరగా అడిగాను. "నిన్ను సైకిల్ కడ్డీ మీద కూసోవెట్టుకొని బడికి తీస్కపోయినోడు గదయ్యా. నీ నోరెట్ల తిరిగింది?"

అప్పుడే అన్నాడు, అన్న వచ్చి అడుగుతాడా ఏంది అని.

అంతకుముందు మేము ఇద్దరం పోయివచ్చిన ఒక కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి నేను ఒక్కదాన్నే వస్తానని, నాకంటే ముందు నా గురించి ఎవరూ ఒక్క మాట అనకూడదని ఇది రాస్తున్న పిల్లతోనే ఫోన్లో చెప్పించాను. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. నేను మంచి చీర కట్టుకుని పోయాను. మైకు పట్టుకుని మొదటే చెప్పాను, పోయినసారి మీకు చెప్పింది అబద్ధం, నా గొంతు పుట్టుకతోనే ఇంత, మా ఆయన చుక్క ముట్టలేదు అని. ఎవరూ కదలలేదు. బిగుసుకుపోయారు కదా, నవ్విస్తే నమ్ముతారనుకున్నాను. "మా ఆయన చెయ్యెత్తిండంటే ఆటో ఆపనీకే. అది గూడ ఆగకపోతుండె," అన్నాను.

మా గల్లీలో అయితే పడి పడి నవ్వేవాళ్ళు. అక్కడ ఒకామె వెక్కి ఏడ్చింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కిందికి దిగితే వాళ్ళ పెద్ద మేడమ్ నన్ను కౌగిలించుకుని, "ఇంత జరిగినా ఆయన్ని కాపాడుకుంటున్నారు, మీ మనసు చాలా గొప్పదమ్మా," అంది. నేను కాదన్నకొద్దీ ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. చచ్చిన మొగుడి పరువు కోసం అబద్ధమాడే మంచి ఇల్లాలిని అయ్యాను నేను. ఆయన మాత్రం వాళ్ళ దగ్గర తాగుబోతుగానే మిగిలాడు. బంతి మీద ఆయన ఉండి ఉంటే ఒక్క మాట తిరిగి అనేవాడు, అందరి అనుమానం తీరిపోయేది. మా మేనత్త పెట్టిన కట్టడి ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఎవరైనా ఫోను చేస్తే ముందు ఒకటే అడిగిస్తాను, నా గురించి ఇంతకుముందు విన్నారా అని. విన్నామంటే పోను. అందుకని పని తగ్గింది. కొత్తగా పోయినచోట మాత్రం బర్రె మాట చెప్పాను. నవ్వారు. ముందు వరస దగ్గర్నుంచి వాళ్ళ మొహాలన్నీ చూసుకున్నాను, జాలి ఎక్కడైనా ఉందేమో అని. కనబడలేదు. ఆ హాల్లో ఆయన మా ఆయనలాగే ఉన్నాడు. కానీ మిగిలిన హాళ్ళు ఉన్నాయి కదా. వాటిల్లోకి నేను నోటితో పోలేను. ఈ కాగితం పోతుందేమో చూడాలి. చదివే మీరు కూడా "పాపం, కాపాడుకుంటోంది" అనుకుంటారేమో. అనుకునేవాళ్ళు కార్వాన్ వచ్చి నా గొంతు గురించి మా చుట్టాల్లో ఎవరినైనా అడగండి.

రాసే పిల్ల తలెత్తడం లేదు. గొంతు పిసికాడన్న ఆ అబద్ధం సంగతి నేను చెప్పినప్పుడు ఆమె పెన్ను చాలాసేపు ఆగింది, తర్వాత గబగబా నడిచింది. ఆగినప్పుడు ఏం ఆలోచించిందో, నడిచినప్పుడు ఏం రాసిందో నాకు కనబడేది గీతలే. వాళ్ళ నాయిన కదా, ఒక మాట మెత్తబడి ఉంటే తప్పని కూడా అనలేను. అయినా తెలియాలి.

మొత్తం వద్దు బిడ్డా. ఆ అన్నాల దగ్గరి పిల్ల వచ్చి కూసున్న కాడికెళ్ళి చదువు. మెల్లగ చదువు. నేనింట.